ఆల్ వీల్ డ్రైవ్ ఉండగా వింటర్ టైర్లెందుకు? డెన్వర్‌లో ఐదు చలికాలాలు నడిపాక

కారు 2020 సుబారు అవుట్‌బ్యాక్, టైరు సైజు 225/65 ఆర్17. ఉండేది అమెరికాలోని కొలరాడోలో, డెన్వర్ పక్కన అరోరాలో. వారానికి మూడు రోజులు ఆఫీసు, చలికాలంలో నెలకి ఒకటి రెండుసార్లు ఐ-70 హైవే మీద కొండల్లోకి. వింటర్ టైర్లు మిషెలిన్ ఎక్స్-ఐస్ స్నో. 2020 నవంబరులో వేయించాను, ఐదు చలికాలాల్లో వాటి మీద దాదాపు 22 వేల మైళ్ళు తిరిగాను.

కారు కొనేటప్పుడు తెలిసినవాళ్ళంతా ఒకటే మాట: ఆల్ వీల్ డ్రైవ్ కదా, మంచులో దూసుకుపోతుంది. నిజంగానే పోయింది. పక్క కార్లు చక్రాలు గిర్రున తిప్పుకుంటూ నిలబడిపోతే నాది గ్రీన్ పడగానే కదిలిపోయేది. ఆ ధీమాయే కొంప ముంచబోయింది. 2020 ఫిబ్రవరిలో ఓ పొద్దున, మా కాలనీ నుంచి మెయిన్ రోడ్డుకి దిగే వాలులో ఇరవై మైళ్ళ స్పీడులో వస్తూ రెడ్ లైటు చూసి బ్రేకు వేశాను. కాలి కింద ఏబీఎస్, అంటే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, టకటకా కొట్టుకుంటోంది, కారు మాత్రం తన దారిన తాను పోతోంది. సగం క్రాసింగ్ దాటాక ఆగింది. అదృష్టం, అటు నుంచి ఎవరూ రాలేదు. అప్పుడు మా నాన్న ఇక్కడే ఉన్నారు, పక్క సీట్లో.

"ఏరా, బ్రేకుల్లేవా దీనికి?"

"ఉన్నాయి నాన్నా, టైర్లే పట్టలేదు."

కాసేపాగి అన్నారు: "దమ్ము చేసేప్పుడు ట్రాక్టరుకి దమ్ము చక్రాలు వేస్తాం, రోడ్డెక్కేప్పుడు తీసేస్తాం. మీకు అలాంటివి దొరకవా?"

తెనాలి పక్కన వరి పండించే మనిషికి ఒక్క నిమిషంలో తట్టింది, నాకు ఒక చలికాలం పట్టింది. ఆల్ వీల్ డ్రైవ్ చేసేది ఇంజను బలాన్ని నాలుగు చక్రాలకీ పంచడం. కదలడానికి, ఎక్కడానికి అది బ్రహ్మాండం. బ్రేకులంటారా, అవి ఏ కారుకైనా నాలుగు చక్రాలకీ ఉంటాయి. ఆగేటప్పుడు నా అవుట్‌బ్యాక్‌కీ పక్కింటి చిన్న కారుకీ తేడా తెచ్చేది టైరే. పైగా ఏడాదంతా వాడే మామూలు ఆల్ సీజన్ టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్, ఇక్కడి లెక్కలో 45 ఫారెన్‌హీట్, దిగువకి వెళ్తే బిగుసుకోవడం మొదలవుతుంది. వింటర్ టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగా ఉంటుంది. ట్రెడ్, అంటే రోడ్డుని తాకే భాగం, దాని దిమ్మల మీద బ్లేడుతో గీసినట్టు సన్నటి గాట్లు వందల కొద్దీ ఉంటాయి, అవి మంచుని కరిచి పట్టుకుంటాయి.

తేడా ఎంత? ఖాళీ పార్కింగ్ లాట్‌లో ఇరవై మైళ్ళ నుంచి బ్రేకు వేసి చూశాను. పాత టైర్లతో ఎనిమిది గళ్ళు జారితే, వీటితో ఐదు గళ్ళలో ఆగింది. ఒకే రోజు చేసింది కాదు, రెండుసార్లూ మంచు ఒకేలా లేదు, కాబట్టి దీన్ని పరీక్ష అనను. కానీ ఐసెన్‌హోవర్ టన్నెల్ దాటి డెన్వర్ వైపు దిగే వాలులో ఇప్పుడు స్టీరింగ్ మీద చేతులు బిగుసుకోవు. వంతెనల మీద బ్లాక్ ఐస్, అంటే కంటికి ఆనని పలచటి ఐసు పొర, ఉంటే మాత్రం ఇవీ జారతాయి, కాస్త తక్కువగా. 2021 మార్చిలో డెన్వర్‌లో 27 అంగుళాల మంచు పడింది. నా కారు కింద ఖాళీ 8.7 అంగుళాలు. ఆ వారాంతం ఏ టైరూ ఎక్కడికీ తీసుకెళ్ళలేదు, ఇంట్లో పప్పుచారు తిని పడుకున్నాం.

ఇక చిరాకులు. డెన్వర్‌లో జనవరిలోనూ ఒక్కోరోజు అరవై ఫారెన్‌హీట్ ఎండ కాస్తుంది. ఏ కంపెనీ వింటర్ టైరైనా ఆ పొడి రోడ్డు మీద కాస్త మెత్తగా, మలుపుల్లో సాగుతున్నట్టు అనిపిస్తుంది. మైలేజీ నాకు గాలనుకి ఒకటి రెండు మైళ్ళు తగ్గింది. ఏప్రిల్ దాటాక ఉంచితే ఎండకి ఇట్టే అరిగిపోతాయి. అందుకే మొదటే విడిగా స్టీలు రిమ్ములు కొని వాటికే ఎక్కించాను. టైర్లు సుమారు 900 డాలర్లు, రిమ్ములూ ప్రెషర్ సెన్సర్లూ ఇంకో 500. సెన్సర్లు అనవసరమని మొదటి ఏడాది కొనలేదు, చలికాలమంతా డ్యాష్‌బోర్డులో పసుపు లైటు చూసి విసుగొచ్చి రెండో ఏడు వేయించాను. రెట్టింపు ఖర్చనుకోకండి, ఇవి తిరిగినన్నాళ్ళూ ఆల్ సీజన్‌వి గ్యారేజీలో ఉంటాయి కదా, అవి అరగవు. మార్చుకోవడం ఇంట్లోనే, గంట పని. నట్లు టార్క్ రెంచితో 89 పౌండ్-ఫుట్‌కి బిగిస్తాను, యాభై మైళ్ళయ్యాక మళ్ళీ చూస్తాను. ఉష్ణోగ్రత పది డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గిన ప్రతిసారీ టైర్లో గాలి సుమారు ఒక పీఎస్ఐ పడిపోతుంది, నవంబరులో అదీ చూసుకోవాలి.

ఇంకోటి, ఇది ఆల్ వీల్ డ్రైవ్ వాళ్ళకే తగిలే దెబ్బ. ఓసారి ఆల్ సీజన్ టైరు పక్క గోడలో మేకు దిగింది, అక్కడ పంక్చరు వేయరు. షాపు కుర్రాడు ఒక్కటి మారిస్తే చాలన్నాడు. మిగతా మూడూ సగం అరిగి ఉన్నాయి. కొత్తదాని చుట్టుకొలత ఎక్కువ, దాంతో చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరుగుతాయి, ఆ తేడాని సర్దలేక లోపలి క్లచ్చులు వేడెక్కి అరుగుతాయి. నాలుగూ మార్చాను, ఏడుపొచ్చింది. రెండు వింటర్, రెండు ఆల్ సీజన్ అనే పొదుపు కూడా ఇందుకే వద్దు.

మా ఆవిడ కారుకి మాత్రం వింటర్ టైర్లు కొనలేదు. అదీ ఆల్ వీల్ డ్రైవే, ర్యావ్4. తను ఊరు దాటదు, మంచు బాగా పడ్డ రోజు ఇంటినుంచే పని. దానికి మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2 వేయించాం, ఆల్ వెదర్ రకం, అంటే ఆల్ సీజన్ లాగే ఏడాదంతా ఉంచేవే కానీ మంచుకీ పనికొచ్చేవి. మూడేళ్ళుగా తనకే టెన్షనూ లేదు. కొనేటప్పుడు టైరు పక్క మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు గుర్తు చూడండి. ఎం+ఎస్ (మడ్ అండ్ స్నో) అని మాత్రమే ఉంటే అది ట్రెడ్ ఆకారాన్ని బట్టి వేసుకునేది, మంచులో పరీక్షించినట్టు కాదు. అయితే ఆ కొండ గుర్తు పరీక్ష కూడా గట్టిపడిన మంచులో ముందుకు లాగే పట్టునే కొలుస్తుంది, ఐసు మీద ఎంత దూరంలో ఆగుతుందో కాదు. ఊళ్ళోనే తిరిగేవాళ్ళకి నేను ఈ రకమే చెబుతాను. వారం వారం కొండలెక్కేవాళ్ళకి చెప్పను.

మొన్న ఏప్రిల్లో వింటర్ టైర్లు విప్పుతూ ట్రెడ్ లోతు కొలిస్తే 6/32 అంగుళం ఉంది. సెప్టెంబరు నుంచి మే దాకా మోరిసన్, డాట్‌సీరో మధ్య ఐ-70 మీద ఆల్ వీల్ డ్రైవ్‌కైనా సరే కొలరాడో చట్టం అడిగేది 3/16 అంగుళం, అంటే సరిగ్గా అంతే. రిమ్ములు బాగానే ఉన్నాయి. అక్టోబరులో ఆ రిమ్ములకే మళ్ళీ అదే మోడల్ కొత్త టైర్లు ఎక్కిస్తున్నాను.