ఫోను వినాలంటే ఎవరి సంతకం కావాలి?

మన దేశంలో నిఘా సంస్థ ఒకరి ఫోను వినడానికి సాధారణంగా హోం కార్యదర్శి అనుమతి చాలు. ఆ ఉత్తర్వును తర్వాత సమీక్షించే కమిటీకి కేంద్రంలో కేబినెట్ కార్యదర్శి, రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి అధ్యక్షులు. మిగతా సభ్యులూ కార్యదర్శులే. అడిగేదీ, ఇచ్చేదీ, తప్పు పట్టవలసినదీ ఒకే ప్రభుత్వమైతే, కంచే చేను మేసిన రోజున పౌరుడు ఎవరికి మొరపెట్టుకోవాలి? 1996లో పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు సమీక్ష కమిటీని పెట్టమంది కానీ, న్యాయమూర్తి ముందస్తు అనుమతిని తప్పనిసరి చేయలేదు. ఆ లోటు నేటికీ పూడలేదు.

బ్రిటన్‌లో 2016 చట్టం ప్రకారం మంత్రి సంతకం ఒక్కటే సరిపోదు. ఉన్నత న్యాయస్థానంలో పనిచేసిన న్యాయ కమిషనర్ కూడా ఆమోదించాలి. అత్యవసరమైతే వెంటనే మొదలుపెట్టవచ్చు, కానీ మూడు పనిదినాల్లో కమిషనర్ నిర్ణయం రావాలి. కాబట్టి జాప్యం వల్ల భద్రత దెబ్బతింటుందన్న వాదన నాకు నిలిచేదిగా కనిపించదు. పైగా కమిషనర్ వార్షిక నివేదిక ప్రజల ముందుకు వస్తుంది. మూకుమ్మడి సమాచార సేకరణకు ఆ చట్టం విస్తృత అధికారాలిచ్చింది, అది నిజమైన లోపమే.

అయినా నేను బ్రిటన్ పద్ధతినే కోరుకుంటాను. 2024లో తెలంగాణలో ఫోన్ ట్యాపింగ్ ఆరోపణలపై కేసు నమోదైంది, అదీ ప్రభుత్వం మారాకే.