కీబోర్డుకు అడ్వాన్స్ కట్టమంటున్నారా? వైజాగ్ వాళ్లు కాస్త ఆగండి

యమహా పీఎస్ఆర్-ఎస్ఎక్స్920 మ్యూజిక్ కీబోర్డు కోసం వైజాగ్‌లో తిరుగుతున్నవాళ్లు ఇది చదివాకే డబ్బు తీయండి. ఎస్ఎక్స్900 తర్వాత 2024లో వచ్చిన మోడల్ ఇది. చర్చిల్లో వాయించేవాళ్లు, ఆర్కెస్ట్రా వాళ్లు అందరూ దీని మీదే పడ్డారు. దసరా దాటితే సెమీ క్రిస్మస్ ప్రోగ్రాములు వరస కడతాయి కదా, నేను ఏ షాపులో అడిగినా "స్టాక్ లేదండీ" అన్న మాటే.

ఒక షాపులో (ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు) సగం డబ్బు కడితే మొదటి పీస్ మీకే అన్నారు. కట్టాను. బిల్లు అడిగితే "సరుకు వచ్చాకే సార్" అని ఎస్టిమేట్ స్లిప్ చేతిలో పెట్టారు. ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా ఒక కథ. చెన్నైలో లోడ్ ఆగింది, లారీ దొరకలేదు, వచ్చే మంగళవారం ఖాయం.

ఆగడం మనకు కొత్తేమీ కాదు. 2020 అక్టోబరులో జపాన్‌లో ఏకేఎం కంపెనీ ఆడియో చిప్‌ల ఫ్యాక్టరీ తగలబడితే ఆడియో ఇంటర్‌ఫేస్‌లకు (మైకు, వాద్యాలను కంప్యూటర్‌కు కలిపే పెట్టెలు) ఎంత కటకట వచ్చిందో గుర్తుందిగా. అప్పుడు షాపువాళ్ల చేతిలో ఏమీ లేదు. ఇక్కడ అలా కాదు. నాకు లేదంటున్న వారంలోనే మద్దిలపాలెంలో ఉండే మా ఫ్రెండ్ అదే షాపులో అదే మోడల్ తీసుకెళ్లాడు. మొత్తం క్యాష్, పైగా నాకు చెప్పిన రేటు కన్నా ఎక్కువ. సరుకు వస్తోంది, ఎక్కువ ఇచ్చినవాడికి పోతోంది. మన అడ్వాన్స్ మాత్రం వాళ్ల దగ్గర వడ్డీ లేని అప్పుగా తిరుగుతోంది.

గట్టిగా అడిగితే చివరికి రమ్మన్నారు. పెట్టె మీద పాత టేపు, దాని మీద కొత్త టేపు. స్క్రీన్ మీద ప్లాస్టిక్ పొర లేదు. ఆన్ చేసి యూజర్ మెమరీ తెరిస్తే 'ఆరాధన 1', 'ఆరాధన 2' అంటూ ఎవరో సేవ్ చేసుకున్న రిజిస్ట్రేషన్లు (పాటకు తగ్గట్టు పెట్టుకునే సౌండ్, రిథమ్ సెట్టింగులు)! కీబోర్డు అడుగున ఉన్న సీరియల్ నంబరు ఒకటి, పెట్టె మీద ఉన్నది ఇంకొకటి. "డెమో పీస్ సార్, కొత్తదాని కిందే లెక్క" అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు. నాకొద్దన్నాను. డబ్బు వెనక్కి ఇమ్మంటే స్లిప్ వెనకాల స్టాంపు చూపించారు, అడ్వాన్స్ తిరిగి ఇవ్వబడదని. కావాలంటే ఆ విలువకు వేరే సామాను తీసుకోవాలట. అన్ని తబలాలు నేనేం చేసుకోను?

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మిన సరుకుకు బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు కొనుగోలైతే అక్కడ ఫీజు లేదు, లాయరు లేకుండా మనమే వేసుకోవచ్చు.

అడ్వాన్స్ లేకుండా పేరు, నంబరు రాసుకుని స్టాక్ రాగానే ఫోన్ చేసే షాపులు ఊళ్లో ఉన్నాయి. వాళ్ల దగ్గర రాయించి ఊరుకోండి. కట్టక తప్పకపోతే చిన్న మొత్తం, అదీ యూపీఐలోనే. రసీదులో మోడల్, రేటు, ఏ తేదీలోపు ఇస్తారు, ఇవ్వకపోతే డబ్బు వెనక్కి అన్న మాట ఉండాలి. జీఎస్టీ నంబరు కూడా చూడండి. 15 అక్షరాలుంటాయి, ఆంధ్రాలో రిజిస్టరైన షాపుదైతే 37తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్లో కొడితే ఎవరి పేరు మీద ఉందో లాగిన్ లేకుండానే కనిపిస్తుంది.

స్టాక్ లేక విసిగిపోయినవాళ్లకు ఇంకో వల కూడా ఉంది. "నేవీలో పనిచేస్తున్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, సగం ధరకే ఇచ్చేస్తా, ముందు రవాణా ఖర్చు పంపండి" అంటారు. వైజాగ్‌లో ఈ మాట ఇట్టే నమ్మేస్తాం. వస్తువు కళ్లారా చూడకుండా రూపాయి పంపొద్దు. పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

నా ఫిర్యాదుకు షాపు ఇంకా జవాబివ్వలేదు. అక్కడ అడ్వాన్స్ కట్టి ఆగినవాళ్లు ఇంకొందరున్నారని విన్నాను. మీరూ వాళ్లలో ఉంటే ఆ స్లిప్‌ను ఇవాళే రెండు వైపులా ఫొటో తీసి పెట్టుకోండి. థర్మల్ కాగితం, నా దాని మీద అక్షరాలు అప్పుడే వెలిసిపోతున్నాయి.