నాలుగు కోర్ల కంప్యూటర్‌తో రెండున్నరేళ్లు: హనుమకొండలోని ఒక డీటీపీ సెంటరు అనుభవం

హనుమకొండలోని మా డీటీపీ సెంటరుకు 2023 ఆగస్టులో కొత్త కంప్యూటర్ కొనవలసి వచ్చినప్పుడు, దుకాణంలో మొదట చూపించింది పన్నెండు కోర్ల ఐ7-12700 ప్రాసెసర్‌ను. ప్రాసెసర్ అంటే కంప్యూటర్‌లో లెక్కలు చేసే చిప్పు, కోర్ అంటే దానిలో విడిగా పని చేయగల ఒక్కొక్క భాగం. "ఒక్కసారి పెట్టుకుంటే పదేండ్లు చూసుకునే పని లేదు సార్" అని అమ్మే అబ్బాయి అన్నాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు కానీ, ప్రాసెసర్ ఒక్కదానికే దాదాపు పదిహేడు వేల రూపాయలు ఎక్కువ పెట్టాలి. ఆ సొమ్ముకు మాకు ఒక లేజర్ ప్రింటరు వస్తుంది. ఒక రోజు ఆలోచించుకుని, చివరకు నాలుగు కోర్ల ఇంటెల్ కోర్ ఐ3-12100 తీసుకున్నాను. అప్పటినుంచి రోజుకు పది గంటలకు తగ్గకుండా నడుస్తున్న యంత్రం కనుక, దాని మంచిచెడ్డలు చెప్పడానికి ఇప్పుడు కొంత అర్హత వచ్చిందనుకుంటున్నాను.

మా పని ఎటువంటిదో ముందుగా చెప్పాలి. కాకతీయ విశ్వవిద్యాలయం పరిశోధక విద్యార్థుల థీసిస్‌లు, పెళ్లిపత్రికలు, కరపత్రాలు, ఆన్‌లైన్ దరఖాస్తులు మా వద్దకు వస్తాయి. తెలుగు పనిలో ఎక్కువ భాగం ఇప్పటికీ పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతోనే సాగుతుంది. మిగిలినది వర్డ్, ఫొటోషాప్, పది పదిహేను ట్యాబులు తెరిచి ఉంచిన బ్రౌజరు. ఇంట్లో పిల్లల చదువుకు, చిన్న దుకాణం లెక్కలకు, ఆఫీసు పనికి కంప్యూటర్ వాడేవారి అవసరం కూడా దీనికి అటూ ఇటూగానే ఉంటుంది.

ఇంతకుముందున్నది 2011 నాటి ఐ3-2100, అంటే రెండే కోర్లు, 4 జీబీ ర్యామ్, పాత పద్ధతి హార్డ్‌డిస్క్. ఉదయం స్విచ్ వేసి వాకిలి ఊడ్చి వచ్చేసరికి కూడా అది పూర్తిగా తెరుచుకునేది కాదు. ప్రాసెసర్ ముసలిదైపోయిందని అందరూ అన్నారు, నేనూ అదే నమ్మాను. కొత్తది కొనడానికి కొన్ని నెలల ముందు, పోతే పోనీ అని దానిలో ఒక ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేకుండా చిప్పుల్లోనే సమాచారం దాచే డిస్కు) వేయించి ర్యామ్‌ను 8 జీబీకి పెంచాను. ప్రాసెసర్‌ను ముట్టుకోలేదు. మర్నాటినుంచి అది అర నిమిషంలోపే తెరుచుకోవడం మొదలుపెట్టింది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్‌డిస్క్‌లో ముల్లు ఒక చోటినుంచి మరొక చోటికి జరిగి, కావలసిన భాగం తిరిగి దాని కిందికి వచ్చేదాకా కాచుకోవాలి. అందువల్ల అది సెకనుకు వంద చోట్ల సమాచారం చదవడమే గగనం. ఎస్‌ఎస్‌డీ వేల చోట్ల చదవగలదు. ఇన్నాళ్లూ ప్రాసెసర్ మీద వేసిన నింద నిజానికి డిస్కుది.

కొత్త యంత్రం వచ్చిన తరువాత, కోర్లు నిజంగా ఎంత పని చేస్తున్నాయో చూద్దామని ఒక రోజంతా టాస్క్ మేనేజర్‌ను (ప్రాసెసర్ వాడకాన్ని గీతల్లో చూపే విండోస్ పరికరాన్ని) పక్క తెర మీద తెరిచి ఉంచాను. ఐ3-12100లో నాలుగు కోర్లు ఉన్నా ఒక్కొక్కటి రెండు త్రెడ్లను (అంటే రెండు పని వరుసలను) నడుపుతుంది కనుక అక్కడ ఎనిమిది గడులు కనిపిస్తాయి. టైపు చేస్తున్నంతసేపూ గీతలు నేలకు అంటుకునే ఉన్నాయి. బ్రౌజరులో కొత్త పేజీ తెరిచినప్పుడు ఒక్క క్షణం అన్నీ లేచి పడిపోయాయి. పేజ్‌మేకర్‌లో రెండు వందల ముప్పై పేజీల థీసిస్‌ను పీడీఎఫ్‌గా మార్చినప్పుడు మాత్రం మొత్తం వినియోగం 13 శాతం దగ్గర ఆగి, పని అయ్యేదాకా అక్కడే నిలిచింది. ఎదురుగా కూర్చున్న విద్యార్థి "ఇంకా ఎనభై ఏడు శాతం ఖాళీగానే ఉంది కద సార్, ఎందుకింత లేటు?" అని అడిగాడు. ఎనిమిదిలో ఒక వంతు అంటే పన్నెండున్నర శాతం. అంటే ఆ పాత సాఫ్ట్‌వేర్ ఒకే త్రెడ్ మీద ఊపిరి సలపకుండా పనిచేస్తుంటే, తక్కినవి ఊరకే చూస్తూ కూర్చున్నాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. మామూలు డెస్క్‌టాప్‌లకు రెండు కోర్ల ప్రాసెసర్లు అందింది 2005లో. పని పంచుకోవడం దానికి ఎవరూ నేర్పలేదు.

అదే పనిని ఇరవై త్రెడ్ల ఐ7 మీద చేస్తే మీటరు 5 శాతం చూపించేది. ఖాళీ పెరిగేదే తప్ప వేగం అంతగా పెరిగేది కాదు. ఒక కోర్ గరిష్ఠ వేగం ఐ3-12100లో 4.3 గిగాహెర్ట్జ్, ఐ7-12700లో 4.9. రెండూ ఒకే తరానివి, పెద్ద కోర్ల నిర్మాణమూ ఒకటే (ఐ7లో వీటితోపాటు ఒక్కొక్క త్రెడ్‌నే నడిపే చిన్న కోర్లు కూడా ఉన్నాయి). ఐ7లో క్యాషె మెమరీ (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీ) ఎక్కువే అయినా, ఒంటి కోర్ మీద నడిచే పనిలో దాని వేగం ప్రధానంగా ఈ పద్నాలుగు శాతం తేడా దగ్గరే తిరుగుతుంది. నేను మిగుల్చుకున్న పదిహేడు వేలలో ఎక్కువ భాగం మా సెంటరులో ఎన్నడూ నిద్ర లేవని కోర్ల ఖరీదన్నమాట.

పని పంచుకోగల సాఫ్ట్‌వేర్‌కు కూడా ఒక హద్దు ఉంది. థీసిస్ బైండింగునే చూడండి. కాగితాలు సర్దడం, అట్టలు కోయడం నలుగురికి పంచవచ్చు. విషయసూచికలో పేజీల అంకెలు వేయడం మాత్రం చివరి అధ్యాయం దిద్దుబాటు ముగిసిన తరువాతనే, ఒక్కరే కూర్చుని చేయాలి. 1967లో కంప్యూటర్ నిపుణుడు జీన్ ఆమ్‌డాల్ చెప్పిన సూత్రం సరిగ్గా ఇదే. అరవై నిమిషాల పనిలో సగం పంచలేనిదైతే, నాలుగు కోర్ల మీద అది ముప్పై ఏడున్నర నిమిషాలకు తగ్గుతుంది. పన్నెండు కోర్లు పెడితే ముప్పై రెండున్నర. అదనంగా కొన్న ఎనిమిది కోర్లు కలిసి మిగిల్చింది ఐదు నిమిషాలే.

ఇంతకూ ఈ కోర్ల లెక్క మన అవసరం కోసం పుట్టింది కూడా కాదు. ఇంటెల్ పాత ప్రాసెసర్ పెంటియం 4 కాలంలో కంపెనీలు గడియార వేగాన్నే, అంటే గిగాహెర్ట్జ్ లెక్కనే, పెంచుకుంటూ పోయాయి. 3.8 గిగాహెర్ట్జ్ దగ్గర వేడిని, కరెంటు ఖర్చును అదుపు చేయలేక, 2004లో ఇంటెల్ 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను విడుదల చేయకుండానే విరమించుకుంది. ఒక్క ఎద్దును ఇంకా వేగంగా తోలలేక రెండో ఎద్దును కట్టారు.

ఇంత చెప్పినా, ఎక్కువ కోర్లు దండుగ అని నేను అనను. పరకాలలో పెళ్లి వీడియోలు తీసే మా మేనల్లుడు ఐ7-12700 కొన్నాడు. వాడికి అది తప్పనిసరి. వీడియో ఎగుమతిలో ఫ్రేములను చాలా త్రెడ్లకు పంచవచ్చు కనుక, ముహూర్తాల కాలంలో వరుసగా పెళ్లిళ్లు పడినప్పుడు ఆ యంత్రం రాత్రంతా అన్ని కోర్లతో నడుస్తుంది. "నన్ను చూసి నువ్వు కొనకు మామా, నీ పనికి ఇది వేస్టు" అని వాడే ముందుగా హెచ్చరించాడు. నా యంత్రం చేతులెత్తేసిన సందర్భం కూడా ఒకటుంది. స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకం నాలుగు వందల పేజీలను అక్షరాలుగా గుర్తించే పని పెడితే ఎనిమిది త్రెడ్లూ నిండిపోయి, పని ముగిసేదాకా వేరే పని చేయడం కష్టమైంది. ఏ పేజీకి ఆ పేజీ విడిగా చేసే పని కనుక అక్కడ ప్రతి కోర్ అక్కరకు వస్తుంది. మాకు అటువంటి పని నెలకు ఒకసారి వస్తుంది. రాత్రి పెట్టి ఇంటికి వెళ్తాను.

వేడి సంగతి కూడా కొనేటప్పుడు తలచుకోవాలి. ఐ3-12100 ఎంత ఒత్తిడిలోనైనా 89 వాట్లకు పరిమితం కావాలని ఇంటెల్ నిర్దేశించింది. ఐ7-12700కు ఆ గరిష్ఠ పరిమితి 180 వాట్లు. ఓరుగల్లు ఎండ 44 డిగ్రీలను తాకే మే నెలలో, ఏసీ లేని గదిలో, పెట్టెతో వచ్చిన ఫ్యానుతోనే మా యంత్రం నెట్టుకొచ్చింది. చప్పుడు మాత్రం పెరుగుతుంది. కరెంటు పోతే మామూలు 600 వీఏ యూపీఎస్ మీద చేతిలో పని సేవ్ చేసుకునేంత వ్యవధి దొరుకుతుంది.

ఫిర్యాదులు లేకపోలేదు. బిల్లులో 8 జీబీ ర్యామ్ కడ్డీలు రెండని రాసి, లోపల 16 జీబీ కడ్డీ ఒక్కటే పెట్టి పంపారు. మొత్తం అంతే కదా అని సరిపెట్టుకోకూడదు. ఒకే కడ్డీ ఉంటే మెమరీ దారి సగానికి తగ్గుతుంది, విడి గ్రాఫిక్స్ కార్డు లేని ఇటువంటి యంత్రంలో తెర పని కూడా ఆ దారినే సాగాలి. తిరిగి తీసుకెళ్తే వాదన లేకుండా మార్చారు, కానీ పెట్టె విప్పి చూడని వారి సంగతేమిటి? మరొక జాగ్రత్త: పేరు చివర "ఎఫ్" ఉన్న 12100ఎఫ్ కాస్త చౌకగా దొరుకుతుంది; దానిలో గ్రాఫిక్స్ ఉండవు, విడి కార్డు కొనకపోతే తెర వెలగదు. సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో "ఐ7" అన్న స్టిక్కరుతో అమ్మే యంత్రాల తరాన్ని తప్పక అడగాలి. 2011 నాటి ఐ7-2600కు కూడా నాలుగు కోర్లు, ఎనిమిది త్రెడ్లే ఉన్నాయి, కానీ ఒక్కొక్క కోర్ బలంలో నేటి ఐ3ని అది అందుకోలేదు. పైగా విండోస్ 11 జాబితాలో దానికి చోటు లేదు. మైక్రోసాఫ్ట్ అడిగేది కనీసం రెండు కోర్లే అయినా, ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అంగీకరిస్తుంది.

ఇప్పుడు కొనేవారికి ఇదే వరుసలోని ఐ3-14100 సరిపోతుంది. కోర్లు నాలుగే, గరిష్ఠ వేగం 4.7 గిగాహెర్ట్జ్. మిగిలిన డబ్బు 16 జీబీ ర్యామ్, ఎన్‌వీఎంఈ అనే మరింత వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ, మంచి యూపీఎస్ మీద పెట్టండి. మా పాత ఐ3-2100ను మాత్రం పారేయలేదు. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది కనుక ఇంటర్నెట్ తీగ పీకేశాను. ప్రింటరు పక్కన కూర్చుని, పెన్‌డ్రైవ్‌లో వచ్చిన పీడీఎఫ్‌లను అది రెండు కోర్లతోనే అచ్చు వేస్తోంది.