తొంభైల చివర కథకి ఏ ఏడు మేలు? 1999, 2000, 2001

రాస్తున్న కథ తొంభైల చివర జరగాలని మొదటి రోజే తేలింది. సరిగ్గా ఏ ఏట జరగాలన్న దగ్గర మాత్రం మూడు వారాలు ఆగిపోయాను. ఇందులో ఆలోచించడానికేముంది, 1999 అని రాసెయ్ అంది అక్క. చరిత్ర పుస్తకాలు బాగా చదివే స్నేహితుడొకడు ఒప్పుకోలేదు. అమెరికా మీద సెప్టెంబరు 11 దాడులతో కదా తొంభైలు అయిపోయింది, 2001 పెట్టు అన్నాడు. చివరికి ఇద్దరి మాటా కాదని నేను 2000 దగ్గర తేలాను. కథలు రాసేవాళ్ళు, నాటకాలు వేసేవాళ్ళు, పాతకాలం థీమ్‌తో పార్టీ పెట్టుకునేవాళ్ళు ఈ ప్రశ్న నన్ను ఇదివరకూ అడిగారు. అరవైల చివరకి ఏ ఏడు పెట్టుకోవాలి, ఎనభైలకి 89 చాలా అని. నోటికొచ్చింది చెప్పి పంపేశాను. నా దాకా వచ్చాక గానీ అదెంత తలనొప్పో తెలియలేదు.

ముందు పక్కన పెట్టేసినవి చెప్పేస్తాను. 1997లో సంఘటనలకు కొదవ లేదు. మే నెలలో డీప్ బ్లూ అనే కంప్యూటర్ చదరంగంలో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ని ఓడించింది. జులై 1న హాంకాంగ్ చైనా చేతికి వచ్చింది. ఆ మర్నాడే థాయ్‌లాండ్ తన కరెన్సీ బాట్ విలువను మార్కెట్‌కి వదిలేయడంతో ఆసియా ఆర్థిక సంక్షోభం మొదలైంది. ఆగస్టు ఆఖరున డయానా పోయింది. ఇన్ని జరిగినా అది దశాబ్దం కడుపులో ఉన్న ఏడే, ఇక అయిపోవచ్చింది అన్న వాసన ఎక్కడా తగలదు. ఇక 1998లో గూగుల్ పుట్టింది, ఫ్లాపీ డ్రైవ్ లేని యాపిల్ కంప్యూటర్ ఐమ్యాక్ వచ్చింది. రెండూ రాబోయే దశాబ్దం సరుకే. 98 కావాలనే పట్టుదల ఉన్నవాళ్ళు పెట్టుకోండి, నేను వాదనకి రాను.

అసలు పోటీ 1999తో. దాని బలం తక్కువేమీ కాదు. ఆ అంకె చూడగానే పాఠకుడి బుర్రలో సగం సెట్టింగ్ తయారైపోతుంది, రచయితకి బోలెడు పని తప్పుతుంది. ఒకరి కంప్యూటర్లోని పాటల్ని ఇంకొకరు నెట్ మీద ఊరికే దింపుకునే నాప్‌స్టర్ ఆ జూన్‌లో వచ్చింది. యాంటెన్నా బయటికి పొడుచుకురాని నోకియా 3210 వచ్చింది. సంవత్సరాన్ని రెండంకెలతో రాసుకున్న కంప్యూటర్లు 00ని చూసి 1900 అనుకుంటాయేమోనని, ఏడాది పొడవునా కంపెనీలూ ప్రభుత్వాలూ పాత ప్రోగ్రాములు వెతికి సరిచేయిస్తూనే ఉన్నాయి. కథకి కావలసిన టెన్షన్ అంతా రెడీమేడ్‌గా దొరుకుతుంది.

నాకు అడ్డం వచ్చింది కూడా ఆ రెడీమేడ్ గుణమే. పాత ఫొటోల కవర్లు రెండు బయటికి తీశాను. రెండూ ఒకే ఫిల్ము కెమెరాతో తీసినవి, మూలన నారింజ రంగు అంకెల్లో తేదీ పడే రకం. '99 12 31 అని ఉన్న కవర్లో పదకొండు ఫొటోలు. పదకొండింటిలోనూ అందరం వరుసగా నిలబడి కెమెరా వైపే చూస్తున్నాం. వెనకాల గోడ గడియారం కూడా పడాలని ఎవరో జరగమన్నట్టున్నారు, రెండు ఫొటోల్లో చివరి మనిషి సగమే ఉన్నాడు. రెండో కవర్ మీద '00 6 17. సంవత్సరం ఉండాల్సిన చోట రెండు సున్నాలు, పాడైన మీటరు చూపించినట్టు. ఇందులో ఎవరూ ఫొటో కోసం నిలబడలేదు. అక్క ఫోను తీగ వేలికి చుట్టుకుంటూ మాట్లాడుతోంది. కంప్యూటర్ ముందు నా వీపు కనిపిస్తోంది. నెట్ కూడా ఆ ఫోను లైను మీదే, అక్క లైన్లో ఉందంటే నాకు నెట్ లేనట్టే కాబట్టి తెర మీద సాలిటేర్ పేకముక్కలు. బల్ల మీద టేపుల డబ్బా, దాని మీద సీడీలు, ఆ పైన కాఫీ కప్పు.

1999 మొత్తం ఆ మొదటి కవర్ లాంటిది. ఫొటో తీస్తున్నారని అందరికీ తెలుసు. ఆ అక్టోబరు 12ని ప్రపంచ జనాభా 600 కోట్లు దాటిన రోజుగా ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. ఆ రోజు బోస్నియాలోని సరయెవోలో పుట్టిన ఒక పసివాణ్ణి ఎంచుకున్నారు, సమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ స్వయంగా వెళ్ళి ఎత్తుకున్నారు. అసలు 600 కోట్లవ మనిషి ఎక్కడ ఏ నిమిషాన పుట్టాడో ఎవరు చెప్పగలరు? ఫొటోకి ఒక బిడ్డ కావాలి, అంతే. పసిఫిక్‌లోని కిరిబాతి 1995లోనే, ఒక తేదీకీ మరో తేదీకీ హద్దుగా ఉండే అంతర్జాతీయ తేదీ రేఖను తూర్పుకి జరుపుకుంది. దేశమంతటా ఒకే తేదీ ఉండాలన్నది కారణం. దాంతో 2000ని అందరికంటే ముందు చూసే అవకాశం వచ్చింది కదా అని ఒక దీవికి మిలీనియం ఐలాండ్ అని పేరు కూడా పెట్టేసుకుంది. పత్రికలన్నీ శతాబ్దపు మేటి క్రీడాకారుడు, శతాబ్దపు మేటి వ్యక్తి అంటూ జాబితాలు వేసుకున్నాయి. ఇదంతా శతాబ్దానికి వీడ్కోలు, వెయ్యేళ్ళకి వీడ్కోలు. ఆ హడావిడిలో పాపం తొంభైల ఊసెత్తినవాళ్ళే తక్కువ.

నేను తేల్చుకున్నది దీన్నిబట్టే. దశాబ్దం చివరి రోజుల వాతావరణం కావాలంటే, ఏ ఒక్క తేదీ మిగతా ఏడాదినంతా తనవైపు లాక్కోకుండా ఉండే ఏడు కావాలి. 1999లో కథ మార్చిలో మొదలుపెట్టినా పాఠకుడు డిసెంబరు 31 రాత్రి కోసమే చూస్తుంటాడు. ఆ రాత్రి ఏమీ జరగకపోతే మోసం చేశానంటాడు, ఏదైనా జరిగితే ఊహించిందే అంటాడు.

2001కి ఇదే జబ్బు, ఇంకా ముదిరింది. స్నేహితుడి వాదన కొట్టిపారేసేది కాదు. 1989 నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకోవడంతో మొదలై 2001 సెప్టెంబరు 11తో ముగిసిన కాలాన్ని ఒకే ముక్కగా చూసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ లెక్క నాకూ నచ్చుతుంది. అంతకుముందు అమెరికాలో టికెట్ లేనివాళ్ళు కూడా భద్రతా తనిఖీ దాటి విమానం గేటు దాకా వెళ్ళి తమవాళ్ళని సాగనంపగలిగేవాళ్ళు. ఆ అలవాటు ఒక్క ఉదయంతో పోయింది. ఇంత స్పష్టంగా గీత గీసిన రోజు మరొకటి దొరకడం కష్టమే. కానీ గీత వేరు, దానికి ముందున్న రోజులు వేరు. 2001 జులైలో ఒక పాత్ర విమానం ఎక్కిందనుకోండి, నేను రాయని భయం పాఠకుడు తనే తెచ్చి పెట్టుకుంటాడు. పైగా ఆ ఏడు వచ్చిన సరుకు చూడండి: జనవరిలో వికీపీడియా, అక్టోబరులో ఐపాడ్, దాని వెంటే విండోస్ ఎక్స్‌పీ. అప్పటికే కొత్త కాపురం పెట్టేసిన ఇల్లది.

2000 అలా కాదు. ప్రళయం వస్తుందన్న రాత్రి గడిచింది, కరెంటు పోలేదు, విమానాలు కూలలేదు. కొన్ని వెబ్‌సైట్లలో మాత్రం తేదీ జనవరి 1, 19100 అని కనిపించింది. అందరూ తేలిగ్గా నవ్వుకుని, తొంభైల్లో చేస్తున్న పనులనే మళ్ళీ మొదలుపెట్టారు. వీడ్కోలు చెప్పేసినా, బస్సు రాలేదని వెనక్కి వచ్చి ఇంట్లో కూర్చున్న చుట్టంలా ఉంది ఆ ఏడు. ఇక ఎవరూ వాళ్ళని ప్రత్యేకంగా చూడరు, వాళ్ళూ మర్యాదలు పాటించరు. మనిషి అసలు స్వభావం బయటపడేది అప్పుడే.

పాతదీ కొత్తదీ ఒకే బల్ల మీద ఉండి, ఏది గెలుస్తుందో ఎవరికీ తెలియని స్థితి కూడా ఆ ఏడే బాగా కుదిరింది. పాటల సంగతే తీసుకోండి. నాప్‌స్టర్ జోరు మీద ఉంది. జులై ఆఖరున కోర్టు దాన్ని ఆపమంది, రెండు రోజులకే పై కోర్టు ఆ ఉత్తర్వుని నిలిపేసింది. ఇంటర్నెట్ దెబ్బకి సీడీల పని అయిపోయినట్టే అని గోల. తీరా చూస్తే అమెరికాలో సీడీల అమ్మకాలు శిఖరాన్ని అందుకున్నది ఆ 2000లోనే, 94 కోట్ల పైచిలుకు. టేపులు ఇంకా షాపుల్లోంచి పోలేదు. కథలో మనిషి ఒకే పాటని మూడు రకాలుగా దాచుకోవచ్చు, మూడూ ఆనాటికి మామూలే. ఇక ఆ పాట దిగడం చూశారా? ఫోను లైను మీద నెట్ ఇచ్చే 56కే మోడెంతో నాలుగు ఎంబీల పాటకి కాగితం లెక్క పది నిమిషాలు. నిజంగా అయితే అరగంట అయినా ఆశ్చర్యం లేదు. నీలం గీత తొంభై శాతం దగ్గరికి వచ్చాక పక్కగదిలో అక్క ఫోను ఎత్తుతుంది. లైను తెగుతుంది. మళ్ళీ ఆ కీచుమనే చప్పుడు, మళ్ళీ మొదటికి. ఒక పేజీ సన్నివేశం నాకు ఊరికే దొరికింది.

డబ్బు కూడా అలాగే ఉంది. యూరో 1999 జనవరి 1 నుంచే 11 దేశాల లెక్కల పుస్తకాల్లో ఉంది. జేబుల్లో మాత్రం మార్కులు, ఫ్రాంకులు, లీరాలే. నోట్లూ నాణేలూ 2002 జనవరి దాకా రాలేదు. ఫొటోలు ఇంకా ఫిల్ము మీదే తీస్తున్నారు. రోలు పూర్తయ్యేదాకా ఎలా వచ్చాయో తెలియదు. ఆ నవంబరులోనే జపాన్‌లో కెమెరా ఉన్న షార్ప్ ఫోను అమ్మకానికి వచ్చింది. దాన్ని చూసి ఫిల్ము కంపెనీ వాడెవడైనా నిద్ర పోగొట్టుకుని ఉంటాడని నేననుకోను.

2000కి కూడా పెద్ద తేదీలు లేకపోలేదు. మార్చి 10న అమెరికా టెక్నాలజీ షేర్ల సూచీ నాస్‌డాక్ 5,048 దగ్గర ముగిసింది, ఆ తర్వాత పడుతూ పడుతూ ఏడాది ఆఖరుకి సగానికి వచ్చింది. జులై 25న పారిస్ దగ్గర ధ్వనికంటే వేగంగా ఎగిరే కాంకర్డ్ విమానం కూలి 113 మంది చనిపోయారు. రెండూ చిన్న విషయాలు కావు. అయినా మార్చి 10ని శిఖరమని ఆ రోజు ఎవరూ గుర్తుపట్టలేదు, వెనక్కి తిరిగి చూసినప్పుడే తెలిసింది. కథకి అలాంటి తేదీ చేటు చేయదు, పైపెచ్చు మేలు చేస్తుంది. షేర్లు కొన్న పాత్ర ఒకటి పెట్టుకుంటే చాలు.

2000 అసలు తొంభైల్లోకే రాదు కదా అన్నాడు స్నేహితుడు. మాట వరకూ నిజమే. కానీ సున్నా సంవత్సరం లేదు కాబట్టి, నిక్కచ్చిగా లెక్కపెట్టేవాళ్ళకి ఇరవయ్యో శతాబ్దం ముగిసేది 2000 డిసెంబరు 31నే, దాని చివరి దశాబ్దం 1991 నుంచి 2000 దాకా. ఈ లెక్కని నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఆ రోజు మాత్రం అక్కరకొచ్చింది, వాడేశాను.

మిగతా దశాబ్దాలకీ ఈ కొలత పనికొస్తుందా అని చూశాను. అరవైలకి అద్భుతంగా పనికొచ్చింది. 1969ని జులై 20 మింగేసింది, చంద్రుడి మీద అడుగు ముందు ఇంకేదీ కనపడదు. అదే 1970 ఏప్రిల్ 13న అపోలో 13 యాత్రికులు దాదాపు యాభై నిమిషాలపాటు నౌకలోంచి టీవీ ప్రసారం ఇచ్చారు. అమెరికాలో పెద్ద చానళ్ళేవీ దాన్ని ప్రత్యక్షంగా చూపించలేదు. తొమ్మిది నెలలు తిరక్కుండానే చంద్రయానం జనానికి పాతబడిపోయింది. ఆ ప్రసారం ముగిసిన కాసేపటికే ఆక్సిజన్ ట్యాంకు పేలింది, అప్పుడు చానళ్ళన్నీ పరిగెత్తుకొచ్చాయి. అరవైలు ఎలా ముగిశాయని ఎవరైనా అడిగితే నేను ఆ కాసేపటినే చూపిస్తాను.

ఎనభైలకి కూడా 1989 కన్నా 1990 మేలు. గోడ తెరిచారు, కానీ అక్టోబరు 3 దాకా జర్మనీలు రెండే, సోవియట్ యూనియన్ ఇంకా బతికే ఉంది. డెబ్భైల మీద నాకంత ఆసక్తి లేదు, 1979లో వాక్‌మన్ వచ్చింది కాబట్టి అది పెట్టుకుంటే తప్పు పట్టేవాళ్ళుండరు.

ఈ మధ్య దశాబ్దం దగ్గర మాత్రం నా పద్ధతి తిరగబడింది. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారి అని ప్రకటించాక ఆ ఏడంతా దానిదే అయిపోయింది. దానికి ముందున్న 2019కి అలాంటి భయమూ లేదు, సంబరమూ లేదు. ఏదో ముగుస్తోందని దానికి తెలియనే తెలియదు. అక్కడ 2019కే నా ఓటు. తర్వాతి ఏడే ఎప్పుడూ గొప్పదని నేను అనడం లేదని స్నేహితుడికి చెబితే, నీకు కావలసినప్పుడల్లా రూలు మారుతోందని వెక్కిరించాడు.

కథ 2000 జూన్‌లో మొదలుపెట్టాను. మొదటి ప్రతిలో హీరో చేతిలో ఐపాడ్ పెట్టి, నలభై పేజీలు రాసేదాకా చూసుకోలేదు. ఇప్పుడు దాని చోట నడుస్తుంటే పాట ఎగిరిపోయే పోర్టబుల్ సీడీ ప్లేయర్ ఉంది, కాబట్టి అతను మెట్లు దిగే సన్నివేశం మొత్తం తిరగరాయాలి.