డీఎన్ఎస్‌మాస్క్: చిన్న నెట్‌వర్క్‌కి ఇంతకు మించిన డీహెచ్‌సీపీ సర్వర్ అక్కర్లేదు

యాభై అరవై కంప్యూటర్లున్న కాలేజీ ల్యాబుకో, చిన్న ఆఫీసుకో ఐపీ అడ్రసులు వాటంతటవే అందేలా పంచడానికి (డీహెచ్‌సీపీ అంటే ఈ పనే) డీఎన్ఎస్‌మాస్క్ అనే సాఫ్ట్‌వేర్ నిక్షేపంగా సరిపోతుంది. ఏళ్ల తరబడి వాడాక చెబుతున్న మాట ఇది. ఉబుంటు ఎక్కించిన పాత పీసీ చాలు. సర్వర్‌కి ముందు స్టాటిక్ (మారని) ఐపీ పెట్టుకోవాలి, ఉదాహరణకి 192.168.10.2. కాన్ఫిగ్ ఫైల్లో రేంజ్ వరుసలో 192.168.10.100 నుంచి 220 వరకు ఇచ్చి, పక్కన లీజు కాలం, అంటే ఒక అడ్రసు ఎంతసేపు చెల్లుతుందో, రాస్తే అడ్రసులు పంచడం మొదలుపెడుతుంది.

చాలామంది తడబడేది గేట్‌వే, అంటే ఇంటర్నెట్‌కి దారి చూపే రౌటర్ అడ్రసు, దగ్గర. ఏమీ చెప్పకపోతే డీఎన్ఎస్‌మాస్క్ తనే రౌటర్ అనుకుని క్లయింట్లకి తన అడ్రసే ఇస్తుంది. అందరికీ ఐపీ వస్తుంది, ఇంటర్నెట్ మాత్రం రాదు. ఆప్షన్ 3లో అసలు రౌటర్ అడ్రసు, అంటే 192.168.10.1, రాస్తే సరి. ఉబుంటులో ఇంకో చిక్కు: డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేర్లకి ఐపీలు వెతికే) పని చూసే సిస్టమ్‌డీ-రిసాల్వ్‌డ్ అప్పటికే డీఎన్ఎస్ పోర్ట్ 53 పట్టుకుని ఉండటంతో డీఎన్ఎస్‌మాస్క్ లేవదు. డీహెచ్‌సీపీ మాత్రమే కావాలంటే పోర్ట్ విలువ 0 పెట్టి, డీఎన్ఎస్ అడ్రసుని ఆప్షన్ 6లో ఇవ్వండి. ఫైర్‌వాల్లో యూడీపీ 67 తెరవడం మరవొద్దు.

లీజు కాలం రాయకపోతే గంటే. కదలని ల్యాబ్ పీసీలకి 12 గంటలు, అతిథులు వాడే వైఫైకి రెండు గంటలు బాగుంటాయి. క్లయింట్ సగం కాలానికే రెన్యూ అడుగుతుంది కాబట్టి సర్వర్ కాసేపు ఆగినా ఎవరికీ తెలియదు. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు నకిలీ (రాండమ్) మ్యాక్ అడ్రసుతో, అంటే పరికరాన్ని గుర్తించే హార్డ్‌వేర్ నంబరుని మార్చి, నెట్‌వర్క్‌లోకి వస్తున్నాయి. సెట్టింగ్స్‌లో కనిపించే అసలు మ్యాక్‌తో రిజర్వేషన్ (ఒక పరికరానికి ఎప్పుడూ ఒకే ఐపీ కేటాయించడం) రాస్తే అది పనిచేయదు. ఆ నెట్‌వర్క్‌కి రాండమ్ మ్యాక్ ఆపించాకే రాయాలి. లాగ్‌లో 'నో అడ్రస్ అవైలబుల్' కనిపిస్తే రేంజ్ నిండిపోయిందని అర్థం.

కాన్ఫిగ్ మారిస్తే రీస్టార్ట్ తప్పనిసరి, రీలోడ్‌తో ఆ ఫైలు మళ్లీ చదవదు. అందుకే రిజర్వేషన్లని వేరే హోస్ట్స్ ఫైల్లో ఉంచడం మేలు. అది రీలోడ్‌తోనే అందుకుంటుంది. లీజుల ఫైలు దిద్దాలంటే సర్వీసు ఆపాకే దిద్దాలి, లేదంటే మీ మార్పుని చెరిపేసి పాతదే మళ్లీ రాసేస్తుంది.

అన్నిటికన్నా విసిగించేది సర్వర్ తప్పు కాదు. ఎవరో ఒకరు వైఫై కోసం కొత్త రౌటర్ తెచ్చి, దాని డీహెచ్‌సీపీ ఆపకుండా ల్యాన్ పోర్టులో కేబుల్ గుచ్చుతారు. సగం మెషీన్లకి 192.168.0 వరుస అడ్రసులు వచ్చేస్తాయి. విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ వివరాల్లో 'డీహెచ్‌సీపీ సర్వర్' వరుస చూస్తే దొంగ దొరుకుతాడు. 169.254తో మొదలయ్యే అడ్రసు వచ్చిందంటే ఏ సర్వరూ పలకలేదని. అప్పుడు ముందు కేబుల్, స్విచ్, వీల్యాన్ (స్విచ్‌లో నెట్‌వర్క్‌ని విడగొట్టే సెట్టింగ్) చూడండి. మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులు మార్చుకోగలిగేది) ఉంటే, నమ్మిన పోర్టు నుంచి తప్ప డీహెచ్‌సీపీ జవాబుల్ని అడ్డుకునే డీహెచ్‌సీపీ స్నూపింగ్ వేసేయండి, దొంగ సర్వర్ల బెడద అక్కడితో తీరుతుంది.

దీనికున్న నిజమైన లోటు ఫెయిలోవర్ లేకపోవడం. ఒకటి పడిపోతే రెండోది అందుకోవాల్సిన ఆసుపత్రి లాంటి చోట్లకి కీయా అనే డీహెచ్‌సీపీ సర్వర్ తీసుకోండి. పాత ఐఎస్‌సీ డీహెచ్‌సీపీ జోలికి మాత్రం వెళ్లొద్దు, దాని నిర్వహణ 2022లోనే ఆగిపోయింది.