ఆటోనగర్‌లో ఛాసిస్ వెల్డింగ్: ఈసీయూకు హాని కలగని పనితనం

విజయవాడ ఆటోనగర్‌లోని ఒక చిన్న షెడ్డులో మా బీఎస్-6 లారీ ఛాసిస్ పగులుకు వెల్డింగ్ చేయించాము. వెల్డింగ్ హోల్డరు పట్టకముందే మేస్త్రి బ్యాటరీ నెగటివ్ తీగను, తరువాత పాజిటివ్‌ను విప్పి, ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటరు) కనెక్టర్లను ఊడదీసి, ఛాసిస్ రంగును గ్రైండరుతో గీకి, అతుకుకు జానెడు దూరంలోనే ఎర్త్ క్లాంపు (వెల్డింగ్ కరెంటు మెషీనుకు తిరిగి వెళ్లే తీగ పట్టు) బిగించారు. ఎర్త్ దూరంగా ఉంటే 100 ఆంపియర్లు దాటే కరెంటు బేరింగుల గుండా, సెన్సర్ల తీగల గుండా దారి వెతుక్కుంటుంది కనుక, ఈ జాగ్రత్తే అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. బ్యాటరీకి తగిలించే సర్జ్ ప్రొటెక్టరు (ఒక్కసారిగా పెరిగే వోల్టేజీని అడ్డుకునే పరికరం) ఉన్నప్పటికీ, అది కనెక్టర్లు విప్పే పనికి ప్రత్యామ్నాయం కాదని ఆయనే చెప్పడం నచ్చింది. వైరింగ్ కట్టపై తడి గోనె బదులు వెల్డింగ్ దుప్పటి కప్పితే బాగుండేది. నీరు కనెక్టర్లలోకి కారే ప్రమాదముంది. బండి స్టార్టు చేశాక హెచ్చరిక దీపమేదీ వెలగలేదు. కూలి మాత్రం పక్క షెడ్లకన్నా ఎక్కువే.