హన్మకొండల కొత్త సిస్టం కొంటున్నరా? పైసలిచ్చే ముందు ఆ రెండో టిక్కు చూడండి

స్టూడియోలోళ్లు, నెట్ సెంటర్లు నడిపేటోళ్లు, ఇంట్ల పిల్లల ఫోటోలు దాచుకునేటోళ్లు ఇది తప్పకుండ చదవండి.

మాది హన్మకొండల చిన్న ఫోటో స్టూడియో. సంక్రాంతి అయినంక ఎడిటింగ్ కోసం అసెంబుల్డ్ సిస్టం కొన్న. దుకాణం పేరు రాయను. ఇచ్చేటప్పుడు అక్కడి పిలగాడు ఏవో సెట్టింగులు మార్చి, పెద్ద ఫోల్డర్ ఒకటి కాపీ కొట్టి చూపించిండు. "చూడన్నా, ఎంత ఫాస్టుందో" అన్నడు. నిజంగనే ఫాస్టుండె. సంబురపడి పైసలిచ్చి వచ్చిన.

మే నెలల నర్సంపేట దిక్కు ఒక పెండ్లి చేసినం. పొద్దుగూకినంక కార్డుల ఫోటోలు సిస్టంలకు దించిన. కాపీ అయిపోయిందని చూపించంగనే, తెల్లారి ఇంకో ఫంక్షన్ ఉన్నదని కార్డు ఫార్మాట్ కొట్టిన. అంతల్నే గాలిదుమారం లేచి కరెంటు పోయింది. తెల్లారి అదే కార్డుతోని ఫంక్షన్ చేసి, సాయంత్రం వచ్చి సిస్టం ఆన్ చేస్తే డిస్కు చెకింగ్ అని చాలాసేపు నడిచింది. ఫోల్డర్ ఉన్నది, పేర్లున్నయి, సైజులు గూడ సరిగ్గనే ఉన్నయి. కని 214 ఫోటోలు తెరుసుకోలే. లోపల అన్ని సున్నలే. తలంబ్రాలు, అప్పగింతలు అండ్లనే ఉండె.

ఎందుకైందో తర్వాత తెలిసింది. మనం సేవ్ కొట్టంగనే డేటా డిస్కు మీదికి పోదు. ముందు ర్యాముల, తర్వాత డిస్కుకున్న సొంత చిన్న మెమరీల ఆగుతది. అందుకే ముఖ్యమైన చోట విండోస్, "నీ దగ్గరున్నదంత రాసి, అప్పుడు చెప్పు" అని డిస్కును ఆపి రాయిస్తది. ఈ ఆపుడు వల్ల స్పీడ్ కొంత తగ్గుతది. ఆ పిలగాడు ఈ ఆజ్ఞనే బంద్ పెట్టిండు. విండోస్ డిస్కుల ఫైళ్లను సర్దే పద్ధతి ఎన్‌టీఎఫ్ఎస్‌ల జర్నల్, అంటే మార్పులు రాసుకునే పద్దు, ఉంటది కద అంటరు. అది ఫోల్డర్ల లెక్కను కాపాడుతది గని ఫైలు లోపలి సరుకును కాదు. ఆజ్ఞ లేకపోతే ఆ లెక్కకు గూడ భరోసా లేదు.

మీ సిస్టంల చూసుకోండి: డివైస్ మేనేజర్, డిస్క్ డ్రైవ్స్, మీ డిస్కు మీద డబుల్ క్లిక్, పాలసీస్. మొదటి టిక్కు, రైట్ క్యాషింగ్ (డేటాను ముందు మెమరీల ఆపుకునుడు), మామూలుగనే ఉంటది. దాని కింద బఫర్ ఫ్లషింగ్, అంటే పైన చెప్పిన ఆ ఆజ్ఞను, ఆపే రెండో టిక్కు ఖాళీగ ఉండాలె. కరెంటు పోయినా రాసుకునేటందుకు డిస్కుకు వేరే పవర్ ఉంటే తప్ప పెట్టొద్దని దాని పక్కన్నే రాసి ఉంటది. బయటి హార్డ్ డిస్కుకైతే క్విక్ రిమూవల్, అంటే డేటాను మెమరీల ఆపుకోని సెట్టింగు, ఉండాలె. 2018ల వచ్చిన విండోస్ 10 1809 నుంచి మామూలుగ అదే ఉంటది. నా బ్యాకప్ డిస్కుకు దాన్ని గూడ మార్చి ఇచ్చిండు. లైనక్స్ వాడేటోళ్లు, అండ్ల ఫైళ్లను సర్దే పద్ధతి ఎక్స్‌టీ4ల బ్యారియర్ అనే సెట్టింగు తీసేసిన్రేమో చూడండి, దాన్ని తీసుడు గూడ ఇదే పని.

పోయి అడిగితే "అందరికి గిట్లనే ఇస్తం అన్నా, అందరు స్పీడే అడుగుతరు" అన్నడు. స్పీడ్ పెంచిన అని చెప్పిండు గని, దేన్ని పణం పెట్టి పెంచిండో చెప్పలే. నా కోపమంత దానికే. చెప్పి ఉంటే నేను వద్దందును. రెండో కాపీ లేకుండ కార్డు ఫార్మాట్ కొట్టుడు మాత్రం నా తప్పు.

పెండ్లోళ్ల పైసలు వాపస్ ఇచ్చిన. చుట్టాల ఫోన్లల్ల ఉన్న తలంబ్రాల ఫోటోలు పెండ్లిపిల్ల తమ్ముడు ఒక్కొక్కటి పంపిస్తున్నడు. వచ్చినయి వచ్చినట్టు ఆల్బంల పెడుతున్న.